చెత్త బండి మీద నా గొంతు

మా వీధి కుక్కలు నన్ను చూసి మొరగవు. నా గొంతు వింటే మొరుగుతాయి. ఏళ్ల తరబడి చెత్త బండి మైకులోంచి అదే గొంతు వినీ వినీ, నేను గడప దగ్గర నిలబడి పాలవాడితో నాలుగు మాటలు మాట్లాడినా బండి వచ్చిందనుకుంటాయి. ఒకసారి పెళ్లిలో భోజనాల బల్ల దగ్గర "జర పప్పు ఇటు పంపండి" అన్నాను. పక్క వరుసలో కూర్చున్నావిడ వెనక్కి తిరిగి, "తడి చెత్త అక్కవా నువ్వు?" అని అడిగింది. ఉద్యోగం నాకు సంపాదించిపెట్టిన కీర్తి ఇంతే.

నా పేరు స్వరూప. శంషాబాద్ చుట్టుపక్కల ఉన్న ఒక మున్సిపాలిటీలో పనిచేసి రిటైరయ్యాను. ఏ మున్సిపాలిటీయో చెప్పను. చెబితే ఇప్పుడు అక్కడ ఉన్నవాళ్లు ఈ కాగితాలకు జవాబు రాయాల్సి వస్తుంది, వాళ్లకు ఆ పని చేతకాదు. నా పని ఊరికి కబుర్లు చెప్పడం. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయి, ఏ రోడ్డు తవ్వారు, పిల్లలకు టీకాలు ఎక్కడేస్తారు, బస్సు ఏ దారిన పోతుంది, ఇలాంటివన్నీ వాట్సాప్ గ్రూపుల్లో రాయాలి, పేపర్ల వాళ్లకు పంపాలి, మైకులో చదవాలి.

ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చిన ఇద్దరు అమ్మాయిలు మొన్న మా ఇంటికొచ్చి, "మేడం, ఈ పని ఎట్ల చెయ్యాలె? మాకెవ్వరు చెప్తలేరు" అన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పదోన్నతుల గురించి, ఫైళ్ల గురించి రాయను. అవి తలుచుకుంటే నాకే నిద్ర వస్తుంది.

క్రియను మింగిన విమానం

మాది పంచాయతీగా ఉన్నప్పుడు చాటింపు వేసే పెద్దాయన ఉండేవాడు. ఆయన డప్పు కొట్టి, విషయం చెప్పి, కాసేపు అక్కడే నిలబడేవాడు. ఎవరైనా "ఎందుకు?" అని అడిగితే తెలిసింది చెప్పేవాడు, తెలియకపోతే తెలియదనేవాడు. మున్సిపాలిటీ అయ్యాక ఆయన స్థానంలో మైకు వచ్చింది. మైకును ఎవరూ ఏమీ అడగలేరు. అధికారులకు మైకు అంత నచ్చడానికి కారణం అదేనని నా నమ్మకం.

మా ఆఫీసు సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఉంటుంది. రికార్డింగ్ గది అంటే స్టోరు గది, బ్లీచింగ్ పౌడర్ బస్తాల మధ్య ఒక స్టూలు. అక్కడ కూర్చుని ఫోన్‌లో మాట్లాడి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి బండ్ల డ్రైవర్లకు ఇచ్చేదాన్ని. కొత్తలో ఒకరోజు "రేపు ఉదయం నల్లా నీళ్లు" అనేవరకు బాగానే ఉంది, అప్పుడే నెత్తి మీదుగా విమానం పోయింది. "రావు" అన్నది అందులో కలిసిపోయింది. నేను మళ్లీ వినకుండానే పెన్‌డ్రైవ్ ఇచ్చేశాను. మరుసటి రోజు ఊరంతా బిందెలు పెట్టుకుని నల్లాల ముందు కూర్చుంది.

మన భాషలో అసలు సంగతంతా వాక్యం చివర ఉంటుంది. వస్తాయా రావా, ఉందా లేదా అన్నది ఆఖరి మాట దాకా తెలియదు. ఆరోజు నుంచి నేను తలకిందులుగా మాట్లాడటం మొదలుపెట్టాను. "రావు. రేపు నీళ్లు రావు." "మూసేశారు. పెద్ద రోడ్డు మూసేశారు." మా ఆయన ఇంట్లో నన్ను అనుకరించేవాడు. "లేదు. ఉప్పు లేదు. కూరలో ఉప్పు లేదు."

మీరూ అలాగే చెప్పండి, అమ్మాయిలూ. ముందు సంగతి, తర్వాత మర్యాదలు. "గౌరవనీయులైన పురప్రజలకు విజ్ఞప్తి" అనేసరికి చెత్త బండి వీధి దాటిపోతుంది.

సాంకేతిక కారణాలు

ఈ ఉద్యోగంలో మీకు ముందుగా కొన్ని మాటలు చేతికిస్తారు. "త్వరలో", "యుద్ధప్రాతిపదికన", "ప్రజల సౌకర్యార్థం", "సాంకేతిక కారణాల వల్ల". వీటితో ఎన్నేళ్లయినా నెట్టుకురావచ్చు. బుర్రకు పని ఉండదు.

ఒక వేసవిలో ఒక కాలనీకి నీళ్లు ఆగిపోయాయి. "సాంకేతిక కారణాల వల్ల" అని రాయమన్నారు. ఏం కారణమని అడిగాను. చివరికి ఇంజనీరు గొంతు తగ్గించి చెప్పాడు. వాల్వు తిప్పే మనిషి మహేశ్వరంలో బావమరిది పెళ్లికి పోయాడు, వాల్వు తాళంచెవి ఆయన ప్యాంటు జేబులో ఉంది, ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

నేను సాంకేతిక కారణాలనే రాశాను. కానీ ఆ కాలనీలో ఒకావిడ అదే పెళ్లికి పోయి వచ్చింది. "వాడు బరాత్‌ల ఎగురుతుండు, నేను చూసిన" అని గ్రూపులో పెట్టింది, ఊరేగింపులో వాడు డ్యాన్సు చేస్తున్న వీడియోతో సహా. ఇద్దరు కుర్రాళ్లు బండేసుకుని పోయి తాళంచెవి తెచ్చారు, మధ్యాహ్నానికి నీళ్లు వచ్చాయి. ముందే ఉన్న సంగతి చెప్పి ఉంటే పొద్దున్నే వచ్చేవి. జనానికి నిజం చెబితే వాళ్లు మీద పడతారని మా వాళ్ల భయం. నేను చూసినంతలో, నిజం తెలిస్తే జనం సగం పని వాళ్లే చేసుకుంటారు.

వేదిక మీద ఆగిన బస్సు

ఇక అసలు విషయం. నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క వ్యవహారంలోనే ఉంది.

ఊరి మధ్యలో కిరాయి ఇంట్లో ఉన్న దవాఖానను పెద్ద రోడ్డు అవతల కొత్త భవనంలోకి మార్చారు. భవనం బాగుంది. పంకాలు తిరుగుతాయి, కూర్చోవడానికి కుర్చీలున్నాయి. ఇబ్బందల్లా అక్కడికి చేరడమే. తుక్కుగూడ వైపు నుంచి వచ్చే బస్సు ఫ్లైఓవర్ మీదుగా పోతుంది. దవాఖాన ఫ్లైఓవర్ కింద, సర్వీసు రోడ్డు పక్కన ఉంది. బస్సు దిగేది వంతెన దాటాక. అక్కడి నుంచి వెనక్కి నడవాలి, ఎండలో, లారీల పక్కన.

ప్రారంభోత్సవం రోజు వేదిక మీద ఒక నాయకుడు మాట్లాడుతుంటే, ముందు వరుసలోని ఆడవాళ్లు "బస్సేది?" అని అడిగారు. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "సోమవారం నుంచి బస్సు దవాఖాన గడప ముందు ఆగుతది" అన్నాడు. చప్పట్లు మోగాయి.

మా కమిషనర్ సారు కోస్తా వైపు మనిషి. చెడ్డవాడు కాదు. పొద్దున్నే వచ్చేవాడు, చేయి చాచేవాడు కాదు, అందరినీ "అమ్మా", "బాబూ" అనేవాడు. కానీ పైనుంచి వచ్చిన మాటకు ఆయన దగ్గర ఎదురు ప్రశ్న ఉండేది కాదు. సాయంత్రం నన్ను పిలిచి రికార్డు చేయమన్నాడు.

"డిపో నుంచి ఏమన్న వచ్చిందా సార్?" అని అడిగాను.

"వేదిక మీద అంత పెద్దాయన చెప్పారు కదమ్మా. ఇంకేం రావాలి?"

"బస్సు రావాలె సార్."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడే మరో విమానం పోతుంటే అది వెళ్లేదాకా ఆగి, "ఆగుతుంది. కొత్త దవాఖాన ముందు బస్సు ఆగుతుంది. సోమవారం నుంచి" అని చదివాను. చాలా స్పష్టంగా వచ్చింది. అన్ని బండ్లూ అన్ని వీధులూ తిరిగాయి.

అంతమ్మ

తర్వాతి వారం ఆఫీసులో ఫోన్ మాట్లాడుతున్నాను. గుమ్మం దగ్గర ఒక ముసలామె ఆగింది. సన్నటి మనిషి, జరీ లేని ముతక చీర, ఎడమ పాదానికి కట్టు, ఆ కాలికి చెప్పు లేదు. నేను ఫోన్ పెట్టేసేదాకా కళ్లార్పకుండా విన్నది.

"నువ్వేనా గామె?" అంది.

"ఏ ఆమె అవ్వా?"

"మైకుల చెప్పేటామె."

ఆమె పేరు అంతమ్మ. ఆమెది మహేశ్వరం వైపు మా మున్సిపాలిటీలో కలిసిన ఊరు. ఒకప్పుడు జొన్న, కంది వేసిన చేనులో ఇప్పుడు ప్లాట్ల రాళ్లున్నాయి. కొడుకు చనిపోయాడు. కోడలు మంజులతో ఉంటుంది. మంజుల విమానాశ్రయంలో ఊడ్చే పనికి పోతుంది. అంతమ్మకు షుగర్. పాదానికి ముల్లు గుచ్చుకుని పుండయితే రెండు రోజులకోసారి దవాఖానలో కట్టు మార్పించుకుంటోంది. మంజుల డ్యూటీకి పోతూ స్కూటీ మీద దింపేది. దానికోసం ముందే బయలుదేరేది, ఒక్కోసారి ఆలస్యమై సూపర్‌వైజర్ చేత మాటలు పడేది.

"బస్సు ఆగుతదని నువ్వు చెప్తివి," అంది అంతమ్మ. "గది విని నేనే అన్న, ఇగ నువ్వు పరేషాన్ గాకు బిడ్డా, నీ డ్యూటీకి నువ్వు పో, నేను బస్సుల పోత అని. బస్సు ఆగలె. మీదికెల్లి పోయింది. ఆడ దింపిండ్రు, అవుతల. నడుసుకుంట వచ్చిన. ఒక్కసారి గాదు, ఇవ్వాల్టి దాంక గట్లనే. పుండు పెద్దగైంది. పెద్ద దవాఖానకు పొమ్మంటున్రు."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. అరిచేవాళ్లకు ఏం చెప్పాలో మాకు బాగా తెలుసు. కూర్చోమని కుర్చీ లాగాను. ఆమె కూర్చోలేదు.

"మొదటి రోజు ఆగకపోతే మళ్ల ఎందుకు ఎక్కినవ్ అవ్వా?" అని అడిగాను.

"నువ్వు రోజు చెప్తనే ఉంటివి గద బిడ్డా. ఇయ్యాల్లన్న ఆగుతదేమో అనుకున్న."

ఆ సాయంత్రం కమిషనర్ సారుకు చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. కాసేపు ఆలోచించి, "త్వరలో ఆగుతుంది అని మార్చండమ్మా" అన్నాడు.

ఎవరికి చెప్పలేదో

మర్నాడు ఆఫీసుకు పోలేదు. తుక్కుగూడ దగ్గర ఆ బస్సెక్కాను. ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ తీసుకుని కండక్టరమ్మ పక్కనే కూర్చుని, దవాఖాన దగ్గర ఆపండి అన్నాను.

కండక్టర్ నా మొహం చూడలేదు, గొంతు విని తిరిగింది. "చెత్త బండి అక్క గదా నువ్వు? మా గల్లీల కూడా వస్తది ఆ మైకు. మేము గూడ విన్నం."

"విన్నరు గదా, మరి ఆపరెందుకు?"

డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూశాడు. "అక్కా, ఇంటికాడ విన్నం. డిపోల ఎవ్వరు చెప్పలే. నా ఇష్టమున్నట్టు ఫ్లైఓవర్ కిందికి దించితే మెమో ఇస్తరు. మీద ఆపితే ఎనుకకెల్లి లారీ కొడ్తది. నువ్వే చెప్పు, ఏం జెయ్యాలె?"

అతని మాటలో తప్పేమీ లేదు. బస్సు వంతెన మీదుగా పోతుంటే కింద దవాఖాన కనబడింది. కొత్త రంగు, గేటుకు ఇంకా తోరణం. మేం ఊరందరికీ చెప్పాం. చంటి పిల్లలకు కూడా నోటికొచ్చింది. బస్సు నడిపే ఆఫీసుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

అక్కడి నుంచి డిపోకే పోయాను. మేనేజర్ టీ తెప్పించి, ఓపికగా వివరించాడు. దారి మార్చాలంటే మా ఆఫీసు అడగాలి, రెండు ఆఫీసుల వాళ్లూ కలిసి ఆ చోటు చూడాలి, సర్వీసు రోడ్డు మీద గుంత పూడ్చాలి. అంతా అయ్యే పనే. "అడగండి, చేస్తాం," అన్నాడు. "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

తిరిగొచ్చి సారుకు చెబితే, అడగడానికి ఆయన జంకాడు. ఇప్పుడు అడిగితే, అప్పుడు అడగకుండానే వేదిక మీద చెప్పారని తెలిసిపోతుందట. అలాంటి తర్కం కమిషనర్ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తడుతుంది.

నేను స్టోరు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. బ్లీచింగ్ వాసనకు కళ్లు మండుతుంటే రికార్డు చేశాను. "ఆగదు. కొత్త దవాఖాన ముందు బస్సు ఆగదు. ఆగుతుందని మేం చెప్పింది తప్పు. బస్సు వంతెన అవతల ఆగుతుంది, అక్కడి నుంచి నడక ఎక్కువ. కాళ్లు బాగాలేనివాళ్లు బస్సులో రావద్దు, ఇంట్లోవాళ్ల బండి మీద రండి." డ్రైవర్లకు పెన్‌డ్రైవ్‌లు నా చేత్తోనే ఇచ్చాను. ఎవరినీ అడగలేదు.

దాని ఫలితం

బండ్లు ఊళ్లోకి పోయిన కాసేపటికే ఫోన్లు మొదలయ్యాయి. నాయకుడి మనుషులు, ఆ తర్వాత నాయకుడు. సారు నన్ను పిలిచాడు. చేతిలో ఫోన్ ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది, ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"మనం తప్పు చెప్పామని మన మైకులోనే చెప్పుకోవడం ఏమిటమ్మా? ఎక్కడైనా ఉందా?"

"వేరేవాళ్ల మైకు మనకియ్యరు గదా సార్."

"నన్ను ఒక్క మాట అడగాల్సింది."

"అడిగితే వద్దంటరు సార్. గందుకే అడగలే."

ఆయన కోపంలో కూడా గొంతు పెంచలేదు. నాకు మెమో ఇచ్చి, జనన మరణాల విభాగానికి మార్చాడు. ఆ విభాగం చెడ్డదేం కాదు. అక్కడ అన్నీ జరిగిపోయినవే నమోదు చేస్తారు, "త్వరలో" అన్న మాటకే చోటుండదు.

నా స్థానంలో నగరం నుంచి ఒక అమ్మాయి చేత స్టూడియోలో రికార్డు చేయించారు. తేనెలాంటి గొంతు, వెనక వీణ. "ప్రియమైన పౌరులారా, కొత్త దవాఖాన వద్ద త్వరలో బస్సు సౌకర్యం." వీణ వినగానే జనం ఏదో నగల దుకాణం ప్రకటన అనుకున్నారు. కొందరు చెత్త కూడా బయటికి తేలేదు.

ఇంతలో ఒక వింత జరిగింది. బస్సు ఆగదని నేను చెప్పిన మాట నాయకుడికి ముల్లులా గుచ్చుకుంది. ఎక్కడికి పోయినా ఆడవాళ్లు "ఆగదంట గదా సార్?" అని అడుగుతున్నారు. ఆయన సారు మీద పడ్డాడు, సారు డిపోకు రాశాడు, అందరూ వచ్చి ఆ చోటు చూశారు, గుంత పూడ్చారు. నెల తిరగకముందే పొద్దున, సాయంత్రం బస్సులు కిందికి దిగి దవాఖాన ముందు ఆగడం మొదలైంది. జనం కష్టం చేయించలేని పని పెద్దమనిషి పౌరుషం చేయించింది. దీన్ని తిట్టుకోవచ్చు, వాడుకోవచ్చు. మీరు వాడుకోండి.

బస్సు ఆగింది కానీ దిగేవాళ్లు లేరు. "ఆగదు" అని నా గొంతు చెప్పింది కదా, జనం అదే పట్టుకుని కూర్చున్నారు. కాళ్లు బాగాలేనివాళ్లు బస్సే ఎక్కడం లేదు. వీణతో ఎన్నిసార్లు చెప్పినా, "స్వరూపక్క చెప్పలే గదా" అంటున్నారట. ఖాళీగా దిగి ఖాళీగా పోతుంటే ట్రిప్పులు తీసేస్తామని డిపో వాళ్లు అన్నారు. సారు స్వయంగా మెట్లు దిగి నా విభాగానికి వచ్చాడు.

"స్వరూపమ్మా, మీరే ఒకసారి చెప్పండి."

"చూసినంక చెప్త సార్."

"నేను చూశానమ్మా. ఆగుతోంది."

"మీరు కార్ల పోయి చూసిండ్రు సార్. నేను బస్సుల పోయి చూస్త."

ఆయన వెనక్కి తిరిగాడు. వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ పెద్దావిడ ఎలా ఉన్నారు?" అని అడిగాడు. నాకు ఆయన మీద కోపం పోయింది అక్కడే. ఆయన పనితీరు మీద అభిప్రాయం మాత్రం ఇప్పటికీ మారలేదు.

మళ్లీ ఆ బస్సు

అంతమ్మకు పెద్ద దవాఖానలో ఒక వేలు తీసేశారు. కాలు నిలిచింది. నేను వాళ్లింటికి పోయేసరికి మంజుల డ్యూటీ బట్టల్లో స్కూటీ తీస్తోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను విషయం చెబితే అత్తను బస్సులో పంపనంది. "నీ మాట విని పంపితే వేలు వాయె," అంది.

అంతమ్మే లోపలి నుంచి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చింది. "ఆమె చెప్తలేదే, చూద్దాం పా అంటుంది. పోని, చూసొస్త. నువ్వు డ్యూటీకి పో."

మంజుల వినలేదు. డ్యూటీకి ఆలస్యమైనా సరేనని స్కూటీ మీద బస్సు వెనకే వచ్చింది.

అదే డ్రైవర్, అదే కండక్టరమ్మ. అంతమ్మను ముందు సీటులో కూర్చోబెట్టాను. ఆమె దారంతా కిటికీలోంచి ముందుకే చూస్తూ కూర్చుంది. వంతెన దగ్గరపడ్డప్పుడు ముందు కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. బస్సు వేగం తగ్గించి, ఎడమకు తిరిగి, కిందికి దిగింది. పూడ్చిన గుంత మీద చిన్న కుదుపు. దవాఖాన గేటు ముందు ఆగింది.

"దిగు అవ్వా, నిమ్మళంగ," అంది కండక్టరమ్మ.

అంతమ్మ మొదటి మెట్టు మీద ఆగి నేల చూసింది. గేటు చూసింది. నేను చేయి ఇవ్వబోతే అక్కర్లేదని తల ఊపి, కడ్డీ పట్టుకుని తనే దిగింది. వెనకాల మంజుల స్కూటీ ఆపి, హెల్మెట్ తీయకుండానే నిలబడి చూస్తోంది. డ్రైవర్ తొందరపెట్టలేదు. లోపల ఎవరూ హారన్ కొట్టమని అనలేదు.

నడిచి గేటు దాకా పోయి, గోడ పట్టుకుని వెనక్కి తిరిగింది అంతమ్మ.

"ఇగ చెప్పు," అంది.

నేను రికార్డు చేయడానికి ఫోన్ తీశాను. ఇంజను శబ్దం, కండక్టరమ్మ గొంతు, అన్నీ పడితే పడనీ అనుకుని, అక్కడే నిలబడి చెప్పాను.